వాళ్ళు వెళ్ళిపోయారు.. రోడ్డు ఉండిపోయింది

మధ్య ఫ్రాన్స్‌లోని లిముజాన్ కొండల్లో గంటసేపు సైకిల్ తొక్కినా ఎదురొచ్చే కార్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అడవిలోంచి పోయే పక్కా తారు రోడ్డు, రోజంతా ఖాళీ. సైక్లిస్టులు ఆ ఖాళీనే వెతుక్కుంటూ వస్తారు. అంత మంచి రోడ్డు అంత ఖాళీగా ఎందుకుందని అడిగితే మాత్రం కథ దాదాపు రెండు వందల ఏళ్ళ వెనక్కి పోతుంది.

ఎమూతియే ఊళ్ళో వియెన్ నది దాటి తూర్పుకు తిరిగితే రోడ్డు ఎక్కడం మొదలుపెడుతుంది. ఆల్ప్స్‌లో లాగా తల వెనక్కి వాల్చి చూడాల్సిన కొండలేం కావివి. నూరు మీటర్లు పోతే నాలుగైదు మీటర్ల ఎత్తు, అంతే. మొదట్లో ఓక్, చెస్ట్‌నట్ చెట్లు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. పైకి పోయేకొద్దీ అవి పలచబడి బీచ్ చెట్లొస్తాయి. ఆ తర్వాత తాడు పట్టి నాటినట్టు వరసలు వరసలుగా డగ్లస్ ఫర్‌లు. వాటి నీడలోకి వెళ్ళగానే వీపు మీది చెమట చల్లబడి ఒళ్ళు జిల్లుమంటుంది. చెయిన్ చప్పుడు, టైర్ల కింద సన్న కంకర నలిగే చప్పుడు, మన ఊపిరి.. చాలాసేపు ఇవే వినపడతాయి. అడవి తెగిపోయిన చోట ఒక పచ్చిక బీడు, అందులో ఎర్రమట్టి రంగులో బలిసిన ఆవులు. అవే లిముజాన్ ఆవులు. మాంసం కోసం పెంచే ఈ జాతి ఇక్కణ్ణుంచే చాలా దేశాలకు పోయింది. సైకిల్ కనపడితే మేత ఆపి, మనం మలుపు తిరిగేదాకా చూస్తాయి. ఈ దారుల్లో మనల్ని అంత శ్రద్ధగా పట్టించుకునేది అవే.

దీన్ని మిల్‌వాష్ పీఠభూమి అంటారు. పీఠభూమి అన్నారని బల్లపరుపుగా ఉంటుందనుకుంటే పిక్కలే సమాధానం చెబుతాయి. ఇక్కడి అత్యున్నత శిఖరం వెయ్యి మీటర్లను కూడా అందుకోదు. కానీ వియెన్, క్రూజ్, వెజేర్, కొరేజ్ నదులన్నీ ఈ చుట్టుపక్కలే పుట్టి, తలా ఒక దిక్కుకు నేలను కోసుకుంటూ పోయాయి. అందుకని ఎక్కడం అయిపోయిందనుకోగానే దిగుడు, దిగుడు చివర వాగు, వాగు దాటగానే మళ్ళీ మిట్ట. ఏ మిట్టా పేరున్నది కాదు, ఏదీ గంటసేపు ఎక్కించదు. అయినా వంద కిలోమీటర్లు తిరిగొచ్చి చూసుకుంటే 1,500 మీటర్ల ఎత్తు ఎక్కేసినట్టు తేలడం ఇక్కడ మామూలే. నా మటుకు నాకు ఆల్ప్స్ కనుమల కన్నా ఈ పేరులేని మిట్టలే కష్టం. కనుమ ఎక్కేటప్పుడు శిఖరం ఒకటి కళ్ళ ముందుంటుంది. ఇక్కడ ఏ మలుపు దగ్గర కష్టం తీరుతుందో తెలియదు, తీరాక పొగడటానికి బోర్డు కూడా ఉండదు.

తెల్లగీత పట్టుకుని

ఇలాంటి రోడ్డు దొరకాలంటే ముందు ఫ్రెంచివాళ్ళు రోడ్లకు పెట్టుకున్న అక్షరాలు తెలియాలి. ఏ అంటే మోటారు వాహనాల ఎక్స్‌ప్రెస్ దారి, అందులోకి సైకిల్‌ను రానివ్వరు. ఎన్ అంటే జాతీయ రహదారి. డి అంటే దెపార్త్‌మాన్‌ది, అంటే మన జిల్లా పరిషత్ రోడ్డు లాంటిదనుకోండి. ఆ కిందవి కొమ్యూన్ రోడ్లు, ఊరి పంచాయతీ చూసుకునేవి. దేశంలో మొత్తం పది లక్షల కిలోమీటర్ల పైన రోడ్లుంటే, అందులో డి రోడ్లు దాదాపు 3,80,000 కిలోమీటర్లు, కొమ్యూన్ రోడ్లు సుమారు 7 లక్షలు. ఏ, ఎన్ రెండూ కలిపినా పాతిక వేలు దాటవు. లారీలూ, హడావుడి ఉన్న కార్లూ ఆ పాతిక వేల మీదే ఎక్కువగా పరిగెడతాయి. మిగిలిందంతా దాదాపు సైకిల్ సొమ్మే.

ఫోన్ మ్యాపు ఎంత తెలివైనదైనా, ఏ రోడ్డు సైకిల్‌కు బాగుంటుందో చెప్పడంలో కాగితం మీది మిషెలిన్ పటాన్ని మించింది నేను చూడలేదు. ఆ కంపెనీ లిముజాన్‌కు పక్కనే ఉన్న క్లెర్మాన్-ఫెరాన్‌ది. పేరు తెచ్చుకున్నది కూడా సైకిల్ టైరుతోనే. 1891లో పారిస్-బ్రెస్ట్-పారిస్ పందెం గెలిచిన షార్ల్ తెరాన్ సైకిల్‌కు ఉన్నవి వాళ్ళ విప్పి బిగించుకునే టైర్లే. వాళ్ళ పటంలో ఎర్రగీత పెద్ద రోడ్డు, పసుపు గీత ఓ మోస్తరు రోడ్డు, తెల్లగీత ఎవరికీ పట్టని రోడ్డు. సైకిల్ మనిషి చూపు తెల్లగీత మీదే ఉండాలి. గీత పక్కన ఆకుపచ్చ అంచు ఉంటే చూడముచ్చటైన దారి అని గుర్తు. గీత మీద బాణం మొనలాంటి గుర్తు ఒకటుంటే 5 నుంచి 9 శాతం వాలు, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే 13 పైన. మూడు మొనలు కనపడితే మధ్యాహ్నం భోజనం కాస్త తేలిగ్గా చేయడం మంచిది.

రోడ్డు పక్కన పాత కిలోమీటరు రాళ్ళు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. ఒళ్ళంతా తెలుపు, గుండ్రటి నెత్తిన పసుపు రంగు. పసుపుంటే డి రోడ్డు, ఎరుపుంటే జాతీయ రహదారి. కొన్నింటి నెత్తి మీద నాచు పట్టి పసుపేదో పచ్చేదో చెప్పడం కష్టం.

ఏడాదికి మూడు రోజులు

మనిషి సంచారమే లేని అడవిలో ఇన్ని రోడ్లు ఎందుకు వేసినట్టు? ఒక్కోసారి రెండు కిలోమీటర్ల మేర తారు రోడ్డు పోయి పోయి మూడిళ్ళ దగ్గర ఆగుతుంది. ఆ మూడింట్లో రెండింటికి తలుపులు బిగించి ఉంటాయి.

దీనికి సమాధానం 1836 మే 21న చేసిన ఒక చట్టంలో ఉంది. ఊళ్ళను కలిపే దారులు బాగుచేసే భారాన్ని ఆ చట్టం కొమ్యూన్ల నెత్తిన పెట్టింది. ఖజానాలో డబ్బు చాలకపోతే పద్ధెనిమిదేళ్ళ నుంచి అరవై ఏళ్ళ దాకా ఒంట్లో సత్తువున్న ప్రతి మగవాడూ ఏడాదికి మూడు రోజుల వరకు రోడ్డు పని చేయాలంది. బండి ఉంటే బండినీ, ఎద్దులో గుర్రమో ఉంటే వాటినీ తోలుకురావాలి. కుదరనివాడు ఆ మేరకు డబ్బు కట్టాలి. రాజుల కాలం నాటి వెట్టిని విప్లవం రద్దు చేసి యాభై ఏళ్ళయినా కాకముందే ఇంకో పేరుతో తిరిగొచ్చిందని సణిగినవాళ్ళు సణిగారు. పని మాత్రం జరిగింది. రాయి కొట్టారు, కాలవలు తీశారు, గట్లు కట్టారు. బురదలో ఇరుసు దాకా దిగబడే బండి బాట కాస్తా వానాకాలంలోనూ సంతకు పోగలిగే రోడ్డయింది.

సైకిల్ మీద పోయేవాడికి ఆ సంగతి కాళ్ళకే తెలుస్తుంది. ఈ పాత రోడ్లు కొండను నిట్టనిలువునా ఎక్కవు. బరువు లాగే పశువుకు ఊపిరాడాలి కాబట్టి, కొండ ఎటు ఒంపు తిరిగితే అటే తిరుగుతూ, నీళ్ళున్న చోటుకు దిగి, మళ్ళీ నెమ్మదిగా ఎక్కుతాయి. పశువుకు పనికొచ్చిన వాలు పెడలు తొక్కే మనిషికీ పనికొచ్చింది. బుల్‌డోజర్లు వచ్చాక కొండను కోసి వేసిన రోడ్ల మీద ఈ సుఖం ఉండదు.

తాపీ పట్టుకుని పారిస్‌కు

రోడ్లయితే వేశారు. వేసినవాళ్ళు వాటి మీదే నడిచి వెళ్ళిపోయారు.

మిల్‌వాష్ ఉత్తర భాగం క్రూజ్ దెపార్త్‌మాన్‌లోకి వస్తుంది. గ్రానైట్ రాయి నేల, రై, బక్‌వీట్ తప్ప పెద్దగా ఏమీ పండదు. అందుకని ఎన్నో తరాలుగా ఇక్కడి మగవాళ్ళు మార్చి నెలలో బయలుదేరి పారిస్, లియాన్ వెళ్ళి తాపీపని చేసి, చలికాలానికి ఇల్లు చేరేవాళ్ళు. మూటాముల్లె భుజాన వేసుకుని, రోజుకు ఇన్ని కోసులని నడిచేవాళ్ళు. పాలమూరు కూలీల సంగతి తెలిసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. ఎక్కడ పెద్ద కట్టడం లేస్తుంటే అక్కడ వాళ్ళుంటారు. ఊళ్ళో ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ, అప్పుకు వడ్డీ కట్టమని వచ్చేవాళ్ళూ ఉంటారు. బారన్ ఓస్మాన్ పారిస్‌ను పడగొట్టి మళ్ళీ కట్టించినప్పుడు రాయి పేర్చిన చేతుల్లో క్రూజ్ చేతులు వేలల్లో ఉన్నాయి.

వాళ్ళలో మార్తాన్ నదో అనే కుర్రాడొకడు. 1815లో సుబ్రెబో కొమ్యూన్‌లో ఒక పల్లెలో పుట్టాడు. 1830లో, పద్నాలుగేళ్ళ వయసులో తండ్రి వెంట పారిస్‌కు బయలుదేరాడు. సున్నం మోశాడు, సారువల మీద నుంచి పడ్డాడు, రాత్రుళ్ళు తోటి పనివాళ్ళకు చదువు చెప్పాడు. 1849లో క్రూజ్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. లూయీ నెపోలియన్ అధికారం లాక్కున్నాక దేశం విడిచి ఇంగ్లండులో ఫ్రెంచి పాఠాలు చెప్పుకుని బతికాడు. 1870లో తిరిగొచ్చి తన జిల్లాకే ప్రిఫెక్టు, అంటే మన కలెక్టరు లాంటి అధికారి, అయ్యాడు. ముసలితనంలో తాపీ కుర్రాడి రోజులన్నీ పుస్తకంగా రాశాడు. నడక బాధ, పురుగులు పట్టిన సత్రం పక్కలు, దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు చేసే ఎగతాళి.. క్రూజ్ వలస గురించి రాసేవాళ్ళందరూ ఇప్పటికీ ముందు తెరిచేది ఆ పుస్తకమే.

రైలు వచ్చాక నడక తప్పింది, కానీ తిరిగిరావడం కూడా తగ్గింది. పెళ్ళాం పిల్లల్ని పట్నానికి తీసుకుపోవడం మొదలైంది. 1851లో క్రూజ్ జనాభా 2,87,000. ఇప్పుడు లక్షా పదిహేను వేలకు అటూ ఇటూ. చదరపు కిలోమీటరుకు ఇరవై ఒక్కరు. మనం రోడ్డు ఖాళీగా ఉందని మురిసిపోయేది ఈ లెక్క మీదే.

వలస తీసుకుపోగా మిగిలినవాళ్ళలో కొందరిని మొదటి ప్రపంచ యుద్ధం తీసుకుపోయింది. ఫ్రాన్స్‌లో ఏ పల్లెలో ఆగినా చర్చి దగ్గరో, మేయరు కార్యాలయం ముందో ఒక స్తంభం, దాని మీద చనిపోయినవాళ్ళ పేర్లు ఉంటాయి. ఒకే ఇంటిపేరు రెండు మూడు సార్లు వస్తుంటే అన్నదమ్ములో, బాబాయి కొడుకులో అని అర్థం చేసుకోవాలి. అన్ని స్తంభాలూ ఒక ఎత్తు, జాంత్యూ ఊళ్ళోది ఒక ఎత్తు. 1922 నాటిది. అందులో తుపాకీ పట్టిన సైనికుడు లేడు, రెక్కలున్న విజయదేవత లేదు. బడి పిల్లాడు ఒకడున్నాడు. కాళ్ళకు చెక్క బూట్లు, ఒంటి మీద బడి అంగీ. తండ్రి లేని పిల్లాడన్నమాట. ఒక చేతిలో టోపీ, రెండో చేతి పిడికిలి బిగించి స్తంభం వైపు ఎత్తాడు. ఆ పిడికిలి చూపించే చోట చెక్కిన మాట: యుద్ధం పాడుగాను! అప్పటి ప్రభుత్వ అధికారులు దాన్ని ఆవిష్కరించడానికి ఒప్పుకోలేదు. దగ్గర్లోని లా కుర్తీన్ శిబిరానికి కవాతు చేసుకుంటూ పోయే సైనికులను ఇక్కడికొచ్చేసరికి తల పక్కకు తిప్పుకోమనేవారని చెప్పుకుంటారు. ఇప్పుడు ఏటా నవంబరు 11న యుద్ధం వద్దనేవాళ్ళు ఇక్కడ చేరతారు. మిగతా రోజుల్లో సైక్లిస్టులు విగ్రహం పక్కన సైకిళ్ళు ఆనించి అరటిపండ్లు తింటుంటారు. పిల్లాడి పిడికిలి కింద అలా తినడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. కానీ అరుగు ఉన్నది అక్కడే.

అడవి పాతది కాదు

ఈ అడవిని చూస్తే ఆదిమానవుల కాలం నుంచీ ఉందనిపిస్తుంది. అదంతా భ్రమ. వందేళ్ళ క్రితం మిల్‌వాష్‌లో నూటికి పదెకరాల్లో కూడా చెట్లు లేవు. ఊదారంగు పూలు పూసే హెదర్ పొదలు, గొర్రెల మందలు, పీట్ బురద నేలలు, మధ్యలో గాలి. ఇప్పుడు సగానికి పైగా అడవే. ఫ్రాన్స్ మొత్తం మీద కూడా 19వ శతాబ్దం తొలినాళ్ళతో పోలిస్తే అడవి దాదాపు రెట్టింపై, 1.7 కోట్ల హెక్టార్లకు చేరింది. మనుషులు ఖాళీ చేసిన నేలను చెట్లు ఆక్రమించాయి. కొన్ని వాటంతటవే మొలిచాయి, కొన్నింటిని నాటారు.

నాటించినవాళ్ళలో మొదట చెప్పుకోవాల్సిన పేరు మారియుస్ వజేయ్. అటవీ శాఖ ఉద్యోగిగా మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు మేమాక్ ఊరికొచ్చాడు. 1936లో కమ్యూనిస్టు పార్టీ తరఫున పార్లమెంటుకు కూడా వెళ్ళాడు. చిన్న రైతు తనకున్న బీడులో కొంత మేర చెట్లు నాటుకుంటే అది వాడి బ్యాంకు ఖాతా అవుతుందనీ, గొర్రెలూ చెట్లూ పక్కపక్కనే బతకొచ్చనీ, అప్పుడు ఊరు వదలాల్సిన అవసరం రాదనీ ఆయన వాదన. జరిగింది వేరు. 1946లో ప్రభుత్వం జాతీయ అటవీ నిధి పెట్టి మొక్కలకు డబ్బిచ్చింది. అప్పటికే పట్నాల్లో స్థిరపడ్డవాళ్ళు తాతల పొలాలన్నీ పూర్తిగా చెట్లకు వదిలేశారు. ఊరిని నిలబెట్టడానికి తలపెట్టిన అడవి ఊరి గుమ్మం దాకా వచ్చేసింది. దారి పక్కన ఫర్ చెట్ల మధ్య ఒక్కోచోట రాతి గోడ కనపడుతుంది. అదొకప్పటి పొలం గట్టు. చెట్ల వేర్లు దాని రాళ్ళను ఒక్కొక్కటే తోస్తున్నాయి.

అమెరికా పసిఫిక్ తీరం నుంచి తెచ్చిన డగ్లస్ ఫర్ నలభై, యాభై ఏళ్ళకు కోతకొస్తుంది. యుద్ధం తర్వాత నాటినవి ఇప్పుడు కోతలో ఉన్నాయి. నిన్న నీడలో పోయిన మలుపు ఇవాళ బోడిగా, మోడులతో, ట్రాక్టరు చక్రాల గాళ్ళతో కనపడుతుంది. ఒక్కసారే కొండ మొత్తం నరికే పద్ధతి మీద ఇక్కడ చాలా ఏళ్ళుగా గొడవ నడుస్తోంది. ఊళ్ళల్లో సభలు, ఊరేగింపులు కూడా జరిగాయి. అటు కలప మీద బతికేవాళ్ళూ ఉన్నారు. ఫో-లా-మోంతాన్ ఊళ్ళో 1980ల చివర్లో కొందరు కలిసి సహకార పద్ధతిలో పెట్టుకున్న కోత మిల్లు ఇప్పటికీ నడుస్తోంది. ఊరికి కొత్త జనాన్ని కూడా తెచ్చిపెట్టింది.

సైక్లిస్టుకు ఇందులో నేరుగా తగిలేది దుంగల లారీ. యాభై టన్నులు దాటే బరువుతో, రెండు కార్లు తప్పుకోవడమే కష్టమైన రోడ్డు మీద వస్తుంది. దూరం నుంచే ఇంజను చప్పుడు వినపడుతుంది, అదొక్కటే అదృష్టం. విన్న వెంటనే గడ్డిలోకి దిగి నిలబడటమే. డ్రైవరు చెయ్యెత్తుతాడు, మనమూ ఎత్తుతాం. లారీ పోయాక గాలిలో తాజా బంక వాసన చాలాసేపు ఉంటుంది.

గెలవనివాడి ఊరు

ఈ రోడ్ల మీద సైకిల్ అంటే ఒకటే పేరు, రేమో పులిదోర్. 1936లో క్రూజ్‌లోని మస్బారో-మెరిన్యాలో పుట్టాడు. తల్లిదండ్రులు పరాయి భూమిని పాలుకు చేసుకునేవాళ్ళు. టూర్ ద ఫ్రాన్స్‌లో 1962 నుంచి 1976 దాకా ఎనిమిదిసార్లు మొదటి ముగ్గురిలో నిలిచాడు. మూడుసార్లు రెండోవాడు, ఐదుసార్లు మూడోవాడు. ఆఖరుసారి మూడో స్థానంలో వచ్చినప్పుడు వయసు నలభై. మొత్తం మీద ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ మాత్రం ఒక్క రోజు, ఒక్క పూట కూడా ఒంటి మీద పడలేదు.

1964 జూలై 12న ప్వీ ద డోమ్ అనే చల్లారిన అగ్నిపర్వతం మీదికి పందెం. అప్పటికే నాలుగు టూర్లు గెలిచిన జాక్ ఆంక్‌తీల్, పులిదోర్ ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ, ఒకరికొకరు అంగుళం ఇవ్వకుండా ఎక్కారు. ఆ ఫొటో ఫ్రాన్స్‌లో తెలియనివాళ్ళుండరు. చివర్లో పులిదోర్ విడిపించుకుని 42 సెకన్లు సంపాదించాడు. అది చాల్లేదు. ఆంక్‌తీల్‌కు ఇంకా 14 సెకన్ల ఆధిక్యం మిగిలింది. పారిస్ చేరేసరికి తేడా 55 సెకన్లు. ఆంక్‌తీల్‌కు అయిదో టూర్ దక్కింది. జనం మాత్రం పులిదోర్‌ను నెత్తిన పెట్టుకున్నారు. ముద్దుగా పుపు అని పిలుచుకున్నారు.

ఎందుకంత ప్రేమ? పాపం ఓడిపోయాడన్న జాలి అని చాలామంది తేల్చేస్తారు. నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. ఆ కాలంలో ఫ్రాన్స్ పల్లెలు వేగంగా ఖాళీ అవుతున్నాయి. పొలం అమ్మి కార్ల ఫ్యాక్టరీలో చేరినవాళ్ళకు ఇరుకు గదిలో టీవీలో కనపడేవాడు పులిదోర్. ఊరి యాస వదలనివాడు, లెక్కలు చూసి తొక్కడం రానివాడు, ఇంత కష్టపడ్డా ఫలం వేరేవాడు ఎత్తుకుపోతే నవ్వి ఊరుకునేవాడు. వాళ్ళకు అతనిలో కనపడింది వాళ్ళ నాన్నే. నిజానికి ఆంక్‌తీల్ కూడా స్ట్రాబెర్రీ తోట రైతు కొడుకే. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

పులిదోర్ చాలా ఏళ్ళు సాన్-లెయొనార్-ద-నొబ్లాలోనే ఉండి, 2019 నవంబరులో అక్కడే పోయాడు. రెండేళ్ళు తిరక్కుండా, 2021లో అతని కూతురి కొడుకు మాత్యూ వాన్ డెర్ పూల్ బ్రిటనీలో ఒక స్టేజి గెలిచి పసుపు జెర్సీ వేసుకున్నాడు. గీత దాటుతూ వేలు ఆకాశానికి చూపించి, తర్వాత వెక్కి వెక్కి ఏడ్చాడు. 2023లో టూర్ ఆ తాత గౌరవార్థం సాన్-లెయొనార్ నుంచి బయలుదేరి, 35 ఏళ్ళ తర్వాత మళ్ళీ ప్వీ ద డోమ్ ఎక్కింది.

టూర్ ఈ చుట్టుపక్కలకు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది. యుద్ధం తర్వాత లోయకు ఆనకట్ట కట్టి నింపిన వసివియేర్ సరస్సు చుట్టూ 1985లో జరిగిన టైమ్ ట్రయల్‌లో గ్రెగ్ లెమాండ్ తన తొలి స్టేజి గెలిచాడు. దక్షిణాన మొనెదియేర్ కొండల్లో సూక్-ఓ-మే ఎక్కుడు ఉంది. 3.8 కిలోమీటర్లు, సగటు వాలు 7.7 శాతం. 2020లో టూర్ దాని మీదుగా పోయింది. దాని కింద షోమెయ్ ఊళ్ళో అకార్డియన్ వాయించే జాన్ సెగ్యురెల్ 1952లో ఒక సైకిల్ పందెం పెట్టాడు. పగలు పందెం, తర్వాత పాటలు. ఆ కాలపు పెద్ద రైడర్లంతా ఈ కొండల్లోకి వచ్చారంటే సగం పుణ్యం ఆ అకార్డియన్‌దే.

గేరు పెట్టినవాడు, కార్డు ఇచ్చినవాళ్ళు

పందెం కాకుండా ఊరికే తిరగడానికి సైకిల్ అన్న ఆలోచనకు ఆద్యుడు ఈ కొండల వరస తూర్పు అంచున ఉండేవాడు. సాన్-తెతియెన్‌లో పోల్ ద వివీ అనే పట్టు వ్యాపారి. వెలోసియో అన్న కలం పేరుతో సైకిల్ పత్రిక నడిపాడు. శాకాహారి. తెల్లారకముందే బయలుదేరి కొండలు దాటి వచ్చేవాడు. మిట్టల్లో ముసలివాడైనా, ఆడవాళ్ళైనా ఎక్కాలంటే సైకిల్‌కు ఒకటికి మించి గేర్లుండాలని పోరాడాడు. టూర్ ద ఫ్రాన్స్ పెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కు అది గిట్టలేదు. గేర్లు బలహీనుల కోసమని ఆయన పట్టు. టూర్‌లో గేర్లు మార్చే డిరైలర్‌ను అనుమతించింది 1937లో. అప్పటికి వెలోసియో పోయి ఏడేళ్ళు. ఆయన తరచూ ఎక్కిన కొల్ ద లా రిపబ్లిక్ కనుమ మీదికి ఏటా ఆయన పేరుతో సైక్లిస్టులు ఎక్కుతారు.

తెలుగు నేలకూ ఈ రోడ్లకూ ఒక చుట్టరికం ఉంది. పారిస్‌లోని ఒక పాత క్లబ్బు 1921లో మొదలుపెట్టిన బ్రెవే పద్ధతి ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో కూడా నడుస్తోంది. చీకటితోనే బయలుదేరడం, చేతిలో ఒక కార్డు, మధ్య మధ్య దాని మీద ముద్రలు, 200 కిలోమీటర్లయితే పదమూడున్నర గంటల గడువు. ఎవరూ మొదటివాడు కాదు, చివరివాడు కాదు. 200, 300, 400, 600 పూర్తి చేసినవాళ్ళు నాలుగేళ్ళకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు వెళ్ళొచ్చు. 1,200 కిలోమీటర్లు, 90 గంటలు. 2019లోనూ 2023లోనూ వందల మంది భారతీయులు వెళ్ళారు. అది లిముజాన్ మీదుగా పోదు, పడమటి వైపు. కానీ అక్కడా ఇవే డి రోడ్లు, ఇవే పేరులేని మిట్టలు. అర్ధరాత్రి పల్లెల్లో ఇంటి ముందు బల్ల వేసుకుని కాఫీ, క్రేప్‌లు పట్టుకుని కూర్చునేవాళ్ళు మాత్రం అదనం.

వెళ్ళేవాళ్ళకు

పారిస్ ఆస్తర్లీట్జ్ స్టేషన్ నుంచి లిమోజ్‌కు రైలుంది. సైకిల్‌కు ముందే చోటు బుక్ చేసుకోవాలి. లిమోజ్ నుంచి ఉస్సెల్ వైపు పోయే చిన్న రైలు సాన్-లెయొనార్, ఎమూతియే, మేమాక్‌లలో ఆగుతుంది. మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు. సెప్టెంబరు నుంచి వేట మొదలవుతుంది. దారి పక్కన వేట జరుగుతోందన్న బోర్డు, నారింజ చొక్కాల మనుషులు కనపడితే అడవిలోకి పక్కకు పోకూడదు. ఎండాకాలంలో రోడ్ల మరమ్మతు. తారు చల్లి పైన సన్న కంకర పరిచి, అది వాహనాల కింద దానంతటదే కూర్చునేదాకా వదిలేస్తారు. ఆ కంకర మీద మలుపులో బ్రేకు వేస్తే మోచిప్ప మీద గుర్తు ఖాయం. 23 మిల్లీమీటర్ల సన్న టైర్ల కాలం పోయింది. ఇక్కడ 28, 32 వేసుకున్నవాళ్ళే సుఖపడతారు.

చట్టం సైకిల్ పక్షానే ఉంది. ఊళ్ళో అయితే మీటరు, ఊరి బయట మీటరున్నర దూరం వదిలి కారు దాటాలి. దాటడానికి రోడ్డు మధ్యలోని తెంపులేని గీత తొక్కినా తప్పు లేదు. ఇద్దరు పక్కపక్కన పోవచ్చు. వెనక బండి వస్తే, చీకటి పడితే ఒకరి వెనక ఒకరు. రాత్రిపూట ఊరి బయట మెరిసే చొక్కా తప్పనిసరి.

నీళ్ళు అయిపోతే శ్మశానానికి పోవాలి. నవ్వులాట కాదు. పూలకుండీలకు నీళ్ళు పోసుకోవడానికి దాదాపు ప్రతి పల్లె శ్మశానంలోనూ గేటు పక్కన కుళాయి ఉంటుంది. పక్కనే నాలుగైదు ప్లాస్టిక్ నీళ్ళ డబ్బాలు వేలాడుతుంటాయి. తాగడానికి పనికిరాదని బోర్డు లేదని చూసుకుని, టోపీ తీసి, సీసా నింపుకుని, గేటు వేసి రావాలి. ఫ్రెంచి సైక్లిస్టులకు ఇది పాత అలవాటు.

తిండి మాత్రం అంత తేలిగ్గా దొరకదు. చాలా పల్లెల్లో దుకాణం లేదు. ఉన్నచోట మధ్యాహ్నం పన్నెండున్నరకు మూస్తే మళ్ళీ మూడు దాటాకే. కొన్నిచోట్ల మేయరు కార్యాలయం పక్కన చిల్లర వేస్తే రొట్టె వచ్చే పెట్టె ఒకటుంటుంది. అదీ మధ్యాహ్నానికి ఖాళీ. ఆదివారం పొద్దున బేకరీ తెరిచి ఉంటుంది, అప్పుడే రెండు రొట్టెలు కొనుక్కోవాలి. సోమవారం చాలాచోట్ల సెలవు.